ఇంటి ఆఫీసుకి వైరు స్పీకర్‌ఫోను: ఇరవయ్యా, అరవయ్యా అని మళ్ళీ అడగక్కర్లేకుండా ఎంచుకోవడం

పలాస నుంచి జీడిపప్పు ఆర్డరు స్పీకర్‌లో వింటున్నారు. అవతలాయన "అరవై డబ్బాలు" అన్నాడు. ఫోను మొదటి అక్షరం మింగేసింది. మీ చెవిన పడింది "రవై డబ్బాలు". ఇరవయ్యా, అరవయ్యా? మళ్ళీ అడగాలి. వాక్యం చివరా ఇదే తంటా. మన భాషలో ఔనా కాదా అన్నది క్రియ తోకలో ఉంటుంది. "రేపు పంపిస్తాను", "రేపు పంపించను" అన్నవాటికి తేడా తెలిసేది చివరి రెండక్షరాల దగ్గరే. అక్కడికొచ్చేసరికి మనిషి గొంతు దించుతాడు. నాసిరకం ఫోను, ఈయన మాట అయిపోయిందనుకుని సరిగ్గా అక్కడే దారి మూసేస్తుంది.

ల్యాండ్‌లైనుకి తగిలించే వెయ్యి, రెండు వేల రూపాయల స్పీకర్‌ఫోనులో నిజంగా చూడాల్సింది ఇదొక్కటే: మాట మొదలు, చివర తెగుతున్నాయా లేదా. డిస్‌ప్లే రంగు, రింగ్‌టోన్ల లెక్క, క్యాలెండరు ఇవన్నీ తర్వాత. అయితే తెగడానికి కారణం ఫోను ఒక్కటే కాదు. మీ లైను, మీ గది, మీ టేబులు కూడా అందులో భాగస్తులే.

ముందు మీ లైను సంగతి తేల్చుకోండి

మీ పనంతా జూమ్, గూగుల్ మీట్ మీటింగులే అయితే ఈ ఫోను మీకు పనికిరాదు. దానికి ల్యాప్‌టాప్‌కి తగిలించే యూఎస్‌బీ స్పీకర్‌ఫోను కావాలి. అది వేరే వస్తువు, వేరే ధర. శ్రీకాకుళం కోడు 08942తోనో, విజయనగరం కోడు 08922తోనో మొదలయ్యే ల్యాండ్‌లైను నంబరు విజిటింగ్ కార్డు మీద వేసుకుని, ఎల్‌ఐసీ పనో, జీఎస్‌టీ లెక్కలో, సరుకు బేరాలో ఇంటి నుంచి నడిపించేవాళ్ళకి, ఒక చేత్తో కాలిక్యులేటరు, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని మాట్లాడాల్సినవాళ్ళకి ఈ ఫోను.

బీఎస్ఎన్ఎల్ రాగి లైన్లు చాలాచోట్ల ఫైబర్‌కి మారిపోయాయి. జియో, ఎయిర్‌టెల్ ఫైబర్ తీసుకున్నా, ఏపీ ఫైబర్‌నెట్ తీసుకున్నా కనెక్షనుతో పాటు ఫోను సౌకర్యం ఉంటుంది. ఫైబర్ మోడెం వెనక్కి తిప్పి చూడండి. లాన్ సాకెట్ల పక్కన వాటికంటే సన్నటి సాకెట్టు ఒకటి ఉంటుంది. దాని మీద టెల్ అనో, ఫోన్ అనో, పాట్స్ అనో రాసి ఉంటుంది. అదే ఆర్‌జే-11 సాకెట్టు, మీ ఫోను తీగ వెళ్ళేది అందులోకే. సాకెట్టు ఉన్నంత మాత్రాన లైను నడుస్తున్నట్టు కాదు. కాల్ ప్లాను ఆన్ చేశారా, ఆ పోర్టు కాన్ఫిగర్ చేశారా అని మీ ఆపరేటర్ని ముందే అడగండి. మోడెం ముందువైపు ఫోను బొమ్మ ఉన్న దీపం నిలకడగా వెలుగుతుంటే సాధారణంగా లైను సిద్ధంగా ఉన్నట్టే.

పాత ఫోను ఏదైనా ఇంట్లో ఉంటే ముందు దాన్ని తగిలించి డయల్‌టోన్ వినండి. టోన్ రాకుండా కొత్త ఫోను కొనేసి, ఆనక కొట్టువాడితో గొడవ పెట్టుకోవడం ఎందుకు.

ఈ ఫోన్లు ఇంతకంటే గట్టిగా ఎందుకు మాట్లాడవు

మామూలు వైరు ఫోనుకి కరెంటు లైను మీదనుంచే వస్తుంది. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు తీగల మధ్య దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది. ఎత్తగానే అది 6 నుంచి 10 వోల్టుల మధ్యకి పడిపోతుంది, 20 మిల్లీయాంపుల చుట్టూ కరెంటు పారుతుంది. లెక్క కట్టండి: 7 వోల్టులు, 20 మిల్లీయాంపులు అంటే 140 మిల్లీవాట్లు. మైకు, కీప్యాడ్, స్పీకరు అన్నీ ఆ చిటికెడు కరెంటుతోనే బతకాలి. బ్లూటూత్ స్పీకరంత మోత దీన్నుంచి ఆశించకూడదు. చిన్న గదిలో, మూరెడు దూరంలో కూర్చున్నవాళ్ళకి స్పష్టంగా వినపడితే చాలు.

రాగి లైను ఇంకా ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక. ఎక్స్ఛేంజి దూరమయ్యేకొద్దీ కరెంటు తగ్గుతుంది; దారిలో చిలుము పట్టిన జాయింటు ఉంటే ఇంకా తగ్గుతుంది. హ్యాండ్‌సెట్‌లో బాగానే వినిపించి స్పీకర్‌లో మాత్రం గొణుగుతుందంటే ఫోనుని తిట్టే ముందు లైను చూపించండి. భావనపాడు, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి సాకెట్టు లోపలి పిన్నులు తొందరగా నల్లబడతాయి.

మాట ఎందుకు తెగుతుంది

స్పీకరూ మైకూ ఒకే డబ్బాలో బెత్తెడు దూరంలో ఉంటాయి. రెండూ ఒకేసారి పూర్తిగా తెరిచి ఉంచితే స్పీకరు శబ్దం మైకులో దూరి, మళ్ళీ స్పీకరుకొచ్చి కూత పెడుతుంది. అందుకని ఈ ధరలో దొరికే ఫోన్లన్నీ వంతులవారీగా పనిచేస్తాయి: మీరు మాట్లాడుతుంటే స్పీకర్ని అణిచేస్తాయి, అవతలివాళ్ళు మాట్లాడుతుంటే మైకుని అణిచేస్తాయి. మోటరోలా ఎంసీ 34118 లాంటి చిప్పులు వచ్చిన రోజుల నుంచీ పద్ధతి ఇదే. రెండువైపులా ఎవరి గొంతు గట్టిదో పోల్చి చూసి, గెలిచినవాళ్ళకి దారి ఇవ్వడం.

ఇందులో ఒక తెలివి ఉంది. ఫ్యాను హోరులాగా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని సర్క్యూట్ నేపథ్యంగా లెక్కేసుకుని పక్కన పెడుతుంది. ఎగుడుదిగుడుగా వచ్చేదాన్నే మాట అనుకుంటుంది. అందుకే ఫ్యాను కంటే కుక్కరు విజిలు ప్రమాదం. వంటింట్లో విజిలు వేయగానే ఫోను దాన్ని మీ మాట అనుకుని అవతలివాళ్ళ నోరు మూసేస్తుంది. టీవీ సీరియల్, మిక్సీ, వీధిలో లౌడ్‌స్పీకరుతో కూరగాయల ఆటో, ఇవన్నీ అంతే. ఫ్యానూ పూర్తిగా నిర్దోషి కాదు: హోరు పెరిగేకొద్దీ మీ గొంతు దానిమీద ఇంకా పైకి లేస్తే తప్ప మైకు తెరుచుకోదు. కుర్చీ వెనక్కి వాల్చి మాట్లాడితే మీ మాట మొదటి అక్షరం ఆ ఎక్కే మెట్టు మీదే రాలిపోతుంది.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా తెగకుండా వినిపించే ఫోన్లు లేకపోలేదు. అవి కాన్ఫరెన్స్ ఫోన్లు, ధర పదింతలు. ఒక్క మనిషి ఆఫీసుకి అంత ఖర్చు దండగ.

పెట్టె మీద చదవాల్సినవి

మొదటి మోసం స్పీకరు అన్న మాటలోనే ఉంది. కొన్ని మోడళ్ళలో స్పీకరు మీటకి వినిపించడం మాత్రమే వచ్చు. డయల్ చేసేటప్పుడు రింగు వినొచ్చు, అవతలివాళ్ళు ఎత్తాక మీరు హ్యాండ్‌సెట్ తీయాల్సిందే. పెట్టె మీద "టూ-వే స్పీకర్‌ఫోన్" అని ఉండాలి. "ఆన్-హుక్ డయలింగ్", "మానిటర్" అని మాత్రమే ఉంటే అనుమానించండి. పెట్టె లేకపోతే ఫోను బేస్ ముందు అంచుని వేలితో తడమండి. అక్కడ సూదిబెజ్జం లాంటి మైకు రంధ్రం ఉంటుంది. బేస్ మీద ఎక్కడా రంధ్రం లేకపోతే ఆ ఫోనుకి మీ మాట వినే చెవి లేనట్టే.

మన కొట్లలో ఎక్కువగా కనిపించేవి బీటెల్, పానాసోనిక్. బీటెల్ ఎం 59లో టూ-వే స్పీకరు, నంబరు కనిపించే డిస్‌ప్లే ఉన్నాయి. పానాసోనిక్‌లో కేఎక్స్-టీఎస్ 500 గట్టి ఫోనే కానీ దానికి స్పీకర్‌ఫోను లేదు. పేరు చూసి పొరబడకండి. స్పీకరు కావాలంటే కేఎక్స్-టీఎస్ 880 తరహావి చూడాలి.

వాల్యూమ్‌కి మీటలో, జరిపే స్విచ్చో ఉండి, కనీసం మూడు మెట్లుండాలి. హై, లో రెండే ఉంటే లో చాలదు, హై కూత పెడుతుంది. మ్యూట్ మీట తప్పనిసరి. హోల్డ్ ఉంటే మంచిది. కాలర్ ఐడీ (చేసినవాళ్ళ నంబరు చూపించే సౌకర్యం) దగ్గర ఎఫ్‌ఎస్‌కే, డీటీఎంఎఫ్ అనే నంబరు పంపే పద్ధతులు రెండూ రాసి ఉండాలి, ఎందుకంటే మీ లైను రెంటిలో ఏది పంపుతుందో ఇంటికి తెచ్చేదాకా తెలియదు. అడుగున టీ, పీ అనే చిన్న స్విచ్చుంటే అది టీ మీదే ఉండాలి. పీ అంటే పాతకాలపు పల్స్ డయలింగ్; చాలా ఫైబర్ మోడెంలు దాన్ని గుర్తించవు, బ్యాంకువాళ్ళ "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" కూడా దానితో పనిచేయదు.

డిస్‌ప్లేకి బ్యాటరీలు కావాలా అని అడగండి. చాలావాటికి మూడు సెల్లులు పడతాయి. అవి లేకపోయినా మాట్లాడ్డం ఆగదు, కానీ నంబరు కనిపించదు, మెమరీ పోవచ్చు. మెమరీ మీటలు మాత్రం అలంకారం కాదు. రోజూ మాట్లాడే నలుగురికి నాలుగు మీటలుంటే ఎంత సుఖమో వాడితే తెలుస్తుంది. నంబర్లు ఎక్కించేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు: 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కి చేస్తే ముందు సున్నా కొట్టాలి. సున్నాతో కలిపి పదకొండు అంకెలూ సేవ్ చేయండి.

పాతవి కొనేటప్పుడు ఇంకో ఉచ్చు. ఆఫీసుల్లోంచి తీసేసిన ఫోన్లు చవగ్గా వస్తాయి, బోలెడు మీటలు, పెద్ద డిస్‌ప్లే, చూడ్డానికి దర్జాగా ఉంటాయి. వాటిలో చాలా వరకు ఆ కంపెనీ ఇంటర్‌కామ్ డబ్బాకే పనిచేసే డిజిటల్ ఫోన్లు. పానాసోనిక్ కేఎక్స్-డీటీ వరస అలాంటిదే. మామూలు లైనుకి తగిలిస్తే డయల్‌టోన్ కూడా రాదు. వెనక లాన్ సాకెట్టు ఉంటే అది ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోను, అదీ వద్దు.

కొట్లో పరీక్ష

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా ఇప్పుడన్నీ మొబైల్ షాపులే. లైను ఉన్న కొట్టు దొరకడం కష్టం. ముందే ఫోన్ చేసి "మీ దగ్గర ల్యాండ్‌లైన్ ఉందా, తగిలించి చూపిస్తారా" అని అడిగి వెళ్ళండి. లేదంటే తిరిగి తీసుకుంటారన్న మాట రాయించుకోండి. ఆన్‌లైన్లో కొంటే వాపసు గడువు లోపలే ఈ పరీక్ష ఇంట్లో చేసేయండి.

ఇద్దరు కావాలి. ఒకరు ఫోను దగ్గర, ఇంకొకరు మొబైల్ పట్టుకుని రోడ్డు మీదకి. ఒకే గదిలో ఇద్దరూ నిలబడితే కూత తప్ప ఏమీ వినపడదు.

1. రోడ్డు మీదున్నవాళ్ళు మామూలు గొంతుతో "ఇరవై, అరవై, పదిహేను, పదిహేడు" అని ఒక్కో మాటకీ రెండు సెకన్లు ఆగుతూ చెప్పాలి. ఫోను దగ్గరున్నవాళ్ళు విన్నది విన్నట్టు రాసుకోవాలి. ఆగి మొదలెట్టిన ప్రతిసారీ మొదటి అక్షరం వస్తోందా అన్నదే పరీక్ష.

2. ఇప్పుడు తిరగేయండి. ఫోను దగ్గరున్నవాళ్ళు మైకుకి 40, 50 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని "వస్తాను, రాను, ఇస్తాను, ఇవ్వను" అని చివర గొంతు దించుతూ చెప్పాలి. బయటున్నవాళ్ళు తిరిగి చెప్పాలి.

3. బయటున్నవాళ్ళు ఒకటి నుంచి ఇరవై దాకా ఆపకుండా లెక్కపెడుతుంటే, మధ్యలో ఫోను దగ్గరున్నవాళ్ళు "ఏటండీ, ఇనిపిస్తందా?" అని ఒక్కసారి అడగాలి. రెండు మూడు అంకెలు పోతాయి, అది మామూలే. ఐదారు పోయాయంటే, లేదా మీ ప్రశ్న అసలు అటు చేరలేదంటే ఆ ఫోను పక్కన పెట్టండి.

4. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఫోను బేస్ మీద అరచెయ్యి గొడుగులా పెట్టండి. ఫోను కీచుమంటే పైమెట్టు వాడుకోలేరన్నమాట. కింది మెట్టులో మాట సరిపడా వినిపిస్తే పర్వాలేదు.

కొట్టు రోడ్డు మీదుంటుంది కాబట్టి ఆటోల మోతలో ఏ ఫోనైనా ఇంట్లోకంటే అధ్వానంగానే కనిపిస్తుంది. రెండు మోడళ్ళని అదే చోట, అదే మాటలతో పోల్చడమే న్యాయం.

ఇంటికి తెచ్చాక

రేకుల గదిలో వాన పడుతుంటే స్పీకర్‌ఫోను పెట్టుకోవడం వృథా. హ్యాండ్‌సెట్ తీయండి, అదందుకే ఉంది. స్లాబు గదిలో సమస్య వేరు. ఖాళీ గోడలు, గ్రానైట్ బల్ల ఉంటే మీ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఫోనుని మూలకి తోయకండి. గోడకి ఒక అడుగు ఇవతల, ముందు అంచు మీవైపు ఉండేలా పెట్టండి. కింద నాలుగు మడతలు వేసిన తువ్వాలు పరవండి. బల్ల అదురు తగ్గుతుంది, కూతా తగ్గుతుంది. మైకు రంధ్రం మాత్రం తువ్వాలు మడతల్లో మునిగిపోకూడదు. వెనక గోడకి కర్టెనో, ఫైళ్ళ బీరువాకి బదులు తెరిచిన పుస్తకాల అరో ఉంటే తేడా అవతలివాళ్ళే చెబుతారు.

మోడెం హాల్లో, టేబులు లోపలి గదిలో ఉందా? ఫోనుతో వచ్చే బల్లపరుపు తీగ సాధారణంగా రెండు మీటర్ల లోపే ఉంటుంది. ముక్కలు కలిపి పొడిగించకండి. లాన్ కేబుల్‌లో మెలిపెట్టిన ఒక జత తీగలు తీసుకుని, అటూ ఇటూ ఆర్‌జే-11 ప్లగ్గులు బిగింపించండి. మధ్య రెండు పిన్నులే వాడతారు. మెలిక ఉండటం వల్ల కరెంటు తీగల గుర్రుమనే శబ్దం పట్టదు. అయినా మెయిన్సు వైరు వెంటే పోనివ్వకుండా జానెడు ఎడం ఉంచండి.

గోడలో పాత ల్యాండ్‌లైను తీగలుంటే వాటినే వాడుకోవచ్చు, కానీ ఒక షరతు. బయట స్తంభం నుంచి వచ్చే రాగి జతని రోసెట్టులో, అంటే గోడ మీది టెలిఫోను తీగల పెట్టెలో, ముందు విప్పేయాలి. అది తగిలి ఉండగా మోడెం పోర్టుని అదే తీగలకి కలిపితే రెండు వైపుల నుంచీ వోల్టేజి వచ్చి పోర్టు పోతుంది. వేసవిలో ఉరుములప్పుడు ఆ బయట తీగ పిడుగు తాకిడిని నేరుగా ఇంట్లోకి తెస్తుంది కూడా. రాగి లైను ఇంకా వాడేవాళ్ళు ఉరుములు మొదలవకముందే తీగ ఊడదీసి, ఉరుముతున్నప్పుడు ఫోనూ తీగా ముట్టుకోకపోవడం మేలు. ఇంకో మాట: తీగలు విప్పే ముందు మోడెం ఫోను సాకెట్టులోంచి ప్లగ్గు తీసేయండి. రింగు వచ్చినప్పుడు ఆ తీగల్లో 70, 80 వోల్టుల ఏసీ ఉంటుంది, చేతికి గట్టిగానే తగులుతుంది.

కరెంటు పోతే

రాగి రోజుల్లో కరెంటు పోయినా ఫోను పనిచేసేది, ఎందుకంటే ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి వచ్చేది. ఫైబర్‌తో ఆ భరోసా పోయింది. ఫోనుకి కరెంటు ఇచ్చేది మీ ఇంట్లో మోడెమే, మోడెం ఆగితే ఫోను మూగ.

మోడెం అడాప్టరు మీద ఏం రాసి ఉందో చూడండి, ఎక్కువగా 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపులు. అదే వోల్టేజి ఇచ్చే మినీ యూపీఎస్, అంటే మోడెంకి తగిలించే చిన్న బ్యాటరీ డబ్బా, కొనండి. దానిమీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే మురిసిపోకండి; ఆ లెక్క లోపలి సెల్లు 3.7 వోల్టుల మీద కట్టింది. అంటే 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయింది పోగా, 8 వాట్లు లాగే మోడెంకి మూడున్నర, నాలుగు గంటలొస్తుంది. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు మోడెంని ఇన్వర్టరు లైనులో ఉన్న సాకెట్టుకి మార్చితే చాలు. అయితే కొన్ని ఇన్వర్టర్లు మారే రెప్పపాటులో మోడెం రీస్టార్ట్ అవుతుంది. అది మళ్ళీ లేచి ఫోను దీపం వెలిగేదాకా ఒకట్రెండు నిమిషాలు లైను ఉండదు. బేరం మధ్యలో అలా జరిగితే ఇన్వర్టర్లో యూపీఎస్ మోడ్ పెట్టండి.

తుపాను సంగతి వేరు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటివి వచ్చినప్పుడు స్తంభాలే పడిపోతాయి, వాటి మీది ఫైబరూ తెగుతుంది. అప్పటికి మినీ యూపీఎస్ ఎంత పెద్దదైనా లాభం లేదు.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

నంబరు కనిపించడం లేదంటే ముందు సెల్లులు మార్చండి. ఎఫ్‌ఎస్‌కే లైనులో నంబరు మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య వస్తుంది. మొదటి రింగుకే ఎత్తేసే అలవాటున్నవాళ్ళకి నంబరు ఎప్పటికీ కనపడదు. రెండో రింగు దాకా ఆగినా రాకపోతే, మోడెం సెట్టింగులో కాలర్ ఐడీ పద్ధతి మార్చమని ఆపరేటర్ని అడగండి.

ఫోన్ చేసినవాళ్ళందరికీ ఎంగేజ్ వస్తోందంటే స్పీకరు దీపం చూడండి. కాల్ అయ్యాక మీట నొక్కడం మర్చిపోతే లైను అలా తెరిచే ఉంటుంది. హ్యాండ్‌సెట్ తీగ అడ్డుపడి సరిగా కూర్చోకపోయినా అంతే.

కాల్ మధ్యలో స్పీకరు ఉన్నట్టుండి నీరసపడితే, ఇంకో గదిలో రెండో ఫోను ఎవరో ఎత్తారేమో చూడండి. ఉన్న చిటికెడు కరెంటుని రెండు ఫోన్లూ పంచుకుంటాయి.

గరగర శబ్దం వస్తే మధ్యలో ఉన్నవన్నీ తీసేసి ఫోనుని నేరుగా మోడెం సాకెట్టుకే చిన్న తీగతో తగిలించండి. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు మీ గోడ తీగలదో, రోసెట్టుదో. అక్కడా గరగరే ఉంటే ఇంకో ఫోను తగిలించండి. దానికీ వస్తే మోడెం పోర్టుదో, లైనుదో, దీనికే వస్తే ఫోనుదే. హ్యాండ్‌సెట్ మెలికల తీగ రెండు చివరలా ప్లగ్గులు ఊడదీసి మళ్ళీ టిక్కుమనేలా పెట్టడంతో సగం గరగరలు పోతాయి. తీరం ఊళ్ళలో ఆ పిన్నుల్ని ఆరు నెలలకోసారి కాంటాక్ట్ క్లీనరుతో తుడిపించండి. ఫోను వాడని నెలల్లో సెల్లులు తీసి బయట పెట్టండి. కారిన సెల్లు స్ప్రింగుల్నే కాదు, బోర్డు మీది రాగి గీతల్ని కూడా తినేస్తుంది.